లైలాను ఎవరడిగారు?
(ప్రేమ గురించిన ఆలోచన కాలక్రమాన ఎలా మారిందో ఒక పరిశీలన)

ప్రేమ అనే మాట ఎత్తగానే మన ఇళ్లలో పెద్దలు ముఖం పక్కకు తిప్పుకుంటారు, పిల్లలు తల వంచుకుంటారు. ఇట్టి విషయం సంఘం సావనీరులో దేనికని కొందరు అనుకోవచ్చు. అయితే ఏటా మన సంఘం పెద్దల ముందుకు వచ్చే తగవుల్లో పెళ్లిళ్లకు సంబంధించినవి ఎన్ని ఉంటాయో సభ్యులకు తెలియనిది కాదు. కావున ఈసారి ఈ సంగతే కాస్త చరిత్రలోకి వెళ్లి చూద్దామని పూనుకొన్నాము.

మా చిన్నతనంలో మా ఊరి టూరింగు టాకీసుకు 'లైలా మజ్ను' సినిమా మళ్లీ వచ్చింది. భరణీ వారు 1949లో తీసిన చిత్రం అది. అక్కినేని నాగేశ్వరరావు, భానుమతి నటించారు. ఇంటిల్లిపాదీ వెళ్లాం. ఇంటికొచ్చి కూడా ఆడవాళ్లు కళ్లు తుడుచుకుంటూనే ఉన్నారు. మా నానీ మాత్రం పాన్‌దాన్ ముందు పెట్టుకొని, "మజ్నూ ఏడ్చాడు, ఊరంతా ఏడ్చింది, మీరూ ఏడ్చారు. ఆ పిల్లను ఎవడైనా ఒక్క మాట అడిగాడా?" అన్నది. అప్పుడు అందరం నవ్వేశాం. తర్వాత తర్వాత ఆ మాట మమ్మల్ని వదలలేదు. ఆ కథ ఎక్కడ పుట్టి, ఏయే దేశాలు తిరిగి, ఎన్నెన్ని రూపాలు మారిందో చూస్తే, మనుషులు ప్రేమను గూర్చి ఏమేమి అనుకున్నారో తెలుస్తుంది.

అరబ్బు ఎడారిలో

క్రీ.శ. 7వ శతాబ్దం నాటి మాట. అరేబియాలోని నజ్ద్ ప్రాంతంలో బనూ ఆమిర్ అనే తెగ ఉండేది. ఆ తెగకు చెందిన ఖైస్, లైలా చిన్నతనంలో కలిసి పశువుల్ని మేపారని పాత అరబ్బీ కథనాల్లో ఉంది. వయసు వచ్చాక లైలాను పరదాలో ఉంచారు. ఖైస్ ఆమె పేరు పెట్టి కవిత్వం చెప్పాడు. అది నోటికి నోటికి పాకింది. ఖైస్ తండ్రి వెళ్లి పిల్లనడిగితే లైలా తండ్రి ససేమిరా అన్నాడు. కారణం కులమూ కాదు, డబ్బూ కాదు. తన కూతురి పేరు నలుగురి నోళ్లలో నానింది కనుక, నానబెట్టినవాడికే పిల్లనిస్తే తెగ పరువు పోతుందని ఆయన భయం. లైలాను వేరొకరికిచ్చి చేశారు. ఖైస్ మతి చెడి అడవి మృగాల మధ్య తిరిగాడు. అందుకే అతన్ని మజ్నూన్ అన్నారు. జిన్ను పట్టినవాడని ఆ మాటకు అర్థం.

అదే కాలంలో హిజాజ్‌లో బనూ ఉజ్రా అనే మరో తెగ ఉండేది. ప్రేమిస్తే ప్రాణాలు వదిలేవారని ఆ తెగకు పేరు. ఆ తెగ కవి జమీల్, బుసైనా అనే స్త్రీ మీద చెప్పిన కవిత్వం ఎంతో ప్రసిద్ధి. తాకకుండా, పెళ్లాడకుండా, ఒక్కరినే తలచుకుంటూ కృశించిపోయే ఆ ప్రేమకు ఉజ్రీ ప్రేమ అనే పేరు స్థిరపడింది. ఖైస్ అనే మనిషి అసలు ఉన్నాడా లేడా అన్న అనుమానం కూడా పాతదే. 10వ శతాబ్దంలో 'కితాబుల్ అఘానీ' అనే గొప్ప గ్రంథం కూర్చిన అబుల్ ఫరజ్ ఇస్ఫహానీ ఆ కథలన్నీ చేర్చి, ఆ అనుమానాన్నీ చేర్చాడు. మనిషి ఉన్నా లేకపోయినా ఆ ఆలోచన మాత్రం నిలిచింది. ప్రేమంటే విరహం, దానికీ పెళ్లికీ పొత్తు కుదరదు అన్నదే ఆ ఆలోచన.

ఈ కథలకు కొంచెం ముందు, మదీనా వీధుల్లో జరిగిన ఒక సంగతి ఇక్కడ చెప్పుకోవాలి. ఇది కవుల కథ కాదు, సహీహ్ బుఖారీలో ఉన్నది. హజ్రత్ ఆయిషా (ర.అ.) బరీరా అనే బానిస స్త్రీని విడిపించారు. స్వేచ్ఛ పొందిన స్త్రీకి, ఇంకా బానిసగా ఉన్న భర్తతో కొనసాగాలా వద్దా అని నిర్ణయించుకొనే హక్కు ఉన్నది. ఆమె వద్దనుకుంది. భర్త ముగీస్‌కు ఆమె అంటే ప్రాణం. గడ్డం తడిసిపోయేలా ఏడుస్తూ వీధుల్లో ఆమె వెంట తిరిగాడు. చూసి ముహమ్మద్ ప్రవక్త (స.అ.స.) వారికి జాలి కలిగింది. అతని వద్దకు తిరిగి వెళ్లరాదా అని ఆమెను అడిగారు. ఇది ఆజ్ఞా అని ఆమె ప్రశ్నించింది. కాదు, సిఫారసు మాత్రమే అన్నారు. అయితే అతను నాకు అక్కర లేదని ఆమె చెప్పేసింది. అంతటితో విషయం ముగిసింది. ఆమెను ఎవరూ తప్పు పట్టలేదు.

మజ్నూ కన్నీళ్లకూ ముగీస్ కన్నీళ్లకూ తేడా లేదు. తేడా అంతా ఆడమనిషి సంగతిలో ఉంది. ఇక్కడ బరీరాను అడిగారు, ఆమె జవాబు చెప్పింది, ఆ జవాబు చెల్లింది. తన తండ్రి ఇష్టం లేని పెళ్లి చేశాడని ఖన్సా బిన్త్ ఖిజామ్ అనే అన్సారీ స్త్రీ మొర పెట్టుకుంటే ఆ నికాహ్‌ను ప్రవక్త (స.అ.స.) రద్దు చేసిన సంగతి కూడా బుఖారీలోనే ఉంది. ప్రేమించుకొన్న ఇద్దరికి నికాహ్‌ను మించిన దారి లేదన్న భావం గల హదీసు ఇబ్న్ మాజాలో కనిపిస్తుంది. ఇంత చక్కటి దారి ముందే వేసి ఉండగా కవులు దానిని వదలి ఎడారి దారి పట్టారు. మనుషులు కూడా చాలా కాలం వారి వెంటే నడిచారు.

వైద్యుడూ, పండితుడూ

తర్వాతి కాలంలో ప్రేమ వైద్యుల చేతికి చిక్కింది. ఇబ్న్ సీనా (980–1037) తన 'అల్ ఖానూన్'లో ఇష్ఖ్‌ను తలకు సంబంధించిన జబ్బుల్లో చేర్చి, మనోవ్యాకులత వంటిదని వ్రాశాడు. కళ్లు లోతుకు పోవటం, నిద్ర లేకపోవటం, నిట్టూర్పులు దాని లక్షణాలు. రోగి నోరు విప్పకపోతే నాడి మీద వేలుంచి పేర్లు, వీధులు, ఊళ్లు ఒక్కొక్కటే చెబుతూ పోవాలట. ఏ పేరు దగ్గర నాడి అదురుతుందో అదే రోగకారణం. ఇంతకూ ఆయన మందేమిటయ్యా అంటే, ధర్మబద్ధంగా ఆ ఇద్దరినీ కలిపే వీలుంటే కలపమన్నాడు. హకీముల హకీము చెప్పిన మందు నికాహే!

అదే సమయంలో స్పెయిన్‌లోని కార్డోబాకు చెందిన ఇబ్న్ హజ్మ్ (994–1064) మరో విధంగా ఆలోచించాడు. ఆయన గొప్ప ధర్మశాస్త్ర పండితుడు. యౌవనంలోనే, 1022 ప్రాంతంలో, 'తౌఖుల్ హమామా' అంటే పావురం మెడలోని వలయం అనే పుస్తకాన్ని ముప్పై అధ్యాయాలుగా వ్రాశాడు. ప్రేమకు గుర్తులు, తొలిచూపు, ఉత్తరాలు, రాయబారాలు, రహస్యం, విశ్వాసం, ఎడబాటు, వీటన్నిటి గురించీ తాను కళ్లారా చూసినవే చెప్పాడు. తనకు ఖురాన్, కవిత్వం, దస్తూరీ నేర్పింది ఇంటిలోని స్త్రీలేనని దాచకుండా వ్రాసుకున్నాడు. ఇరవై నిండకముందే తాను ప్రేమించిన నుఅమ్ అనే బానిస యువతి చనిపోతే ఏడు నెలలు ఒంటిమీది బట్టలు మార్చలేదని కూడా ఒప్పుకున్నాడు. హృదయాలు అల్లాహ్ చేతిలో ఉన్నవి గనుక ప్రేమ కలగటం పాపం కాదనీ, మనిషి నడతే లెక్కలోకి వస్తుందనీ ఆయన వాదం. ఒక ఆలిమ్ తన మనసును ఇంత నిజాయితీగా పరచి చూపిన పుస్తకం అరుదు. దానికి మిగిలిన ఒకే ఒక వ్రాతప్రతి హాలండులోని లైడెన్‌లో భద్రంగా ఉంది.

నిజామీ చేతిలో

లైలా కథను లోకమంతా తిప్పినవాడు నిజామీ గంజవీ. నేటి అజర్‌బైజాన్‌లోని గంజా ఆయన ఊరు. షిర్వాన్ పాలకుడు అఖ్సతాన్ కోరగా 1188లో ఫారసీలో ఈ కావ్యం చెప్పాడు. మొదట ఆయనకు ఇష్టం లేదు. తోటలు లేవు, విందులు లేవు, ఉత్త ఇసుక, దీంట్లో ఏం చెప్పాలని వెనుకాడితే, పద్నాలుగేళ్ల కొడుకు ముహమ్మద్ పట్టుబట్టాడు. పశువులు మేపిన పిల్లల్ని నిజామీ మక్తబ్‌లో కూర్చోబెట్టాడు. అక్షరాలు నేర్చుకుంటూ ప్రేమ నేర్చుకున్నారన్న బడి ఘట్టం ఆయన కల్పించిందే. మన సినిమాల దాకా అదే వచ్చింది.

అంతకంటె ముఖ్యం, నిజామీ లైలాకు నోరిచ్చాడు. ఆమె కూడా కవిత్వం చెబుతుంది, చీటీల మీద వ్రాసి గాలికి వదులుతుంది. పెద్దలు కట్టబెట్టిన భర్త ఇబ్న్ సలామ్ దగ్గరకు రాబోతే చెంప మీద కొడుతుంది. అయినా గడప దాటలేదు. మజ్నూకు కనీసం ఎడారి ఉంది, ఆమెకు డేరా ఒక్కటే. చివరికి ఇద్దరూ ఒకే సమాధి చేరుతారు.

ఇదే నిజామీ అంతకుముందు 'ఖుస్రో షీరీన్' చెప్పాడు. అందులో షీరీన్ మాట మీద నిలబడే మనిషి. రాజు ఎంత బతిమాలినా, పెళ్లి చేసుకుంటేనే గాని దరి చేరనివ్వదు. నిజామీకి దర్బంద్ పాలకుడు అఫాఖ్ అనే బానిస యువతిని కానుకగా పంపితే ఆయన ఆమెను భార్యగా చేసుకున్నాడు. ఆమె చిన్నతనంలోనే పోయింది. షీరీన్ మరణం చెప్పేచోట ఆయన తన అఫాఖ్‌ను తలచుకున్నాడు. అంటే ప్రేమ ఇంటి లోపల, ఇల్లాలి మీద కూడా ఉంటుందని తెలిసిన కవి ఆయన. కాని లోకం షీరీన్ కంటె మజ్నూనే ఎక్కువగా తలకెత్తుకుంది.

అలా ఎత్తుకోవటానికి సూఫీలు ఒక కారణం. బస్రాలోని హజ్రత్ రాబియా (మరణం 801) నాటి నుండి దైవాన్ని ప్రేమించటం అనే మాట బలపడుతూ వచ్చింది. సూఫీలకు మజ్నూ మంచి ఉపమానమయ్యాడు. అతను తనను తాను మరచిపోయినట్లు దాసుడు ప్రభువులో తనను మరచిపోవాలని వారు బోధించారు. ఢిల్లీలో అమీర్ ఖుస్రో 13వ శతాబ్దాంతంలో, హెరాత్‌లో జామీ 1484లో, బాగ్దాద్ ప్రాంతంలో ఫుజూలీ 16వ శతాబ్దంలో తుర్కీ భాషలో ఈ కథ మళ్లీ చెప్పారు. ఆ బోధన ఉన్నతమైనది, దానిని మేము తక్కువ చేయటం లేదు. అయితే అందులో లైలా మనిషిగా మిగల్లేదు, ఒక గుర్తుగా మారిపోయింది. గుర్తును ఇష్టమా అని ఎవరడుగుతారు?

గోల్కొండలో

ఇక మన గడ్డ మీదికి వద్దాం. ఫారసీ కథలు దక్కనుకు చేరి దక్కనీ భాషలో కొత్త ఊపిరి పోసుకున్నాయి. హైదరాబాదు నిర్మాత ముహమ్మద్ ఖులీ ఖుతుబ్ షా (పాలన 1580–1612) స్వయంగా కవి. ఆయన దీవానులో ప్రేమ అంటే ఏడుపు కాదు. వసంతం, మృగశిర వానలు, షబేబరాత్ దీపాలు, పూలు, తన పన్నెండుగురు ప్యారీల నవ్వులు, ఇదే ఆయన లోకం. ఫారసీ కవిత్వంలో ప్రియుడే మాట్లాడితే, దక్కనీలో మన దేశపు పాటల పద్ధతిన స్త్రీ "పియా" అని పిలుస్తూ తన మాట తాను చెబుతుంది. నాలుగు వందల ఏళ్లనాడే ఆడగొంతుకు అక్కడ చోటు దొరికింది.

ఆయన ఆస్థాన కవి వజహీ 1609లో 'ఖుతుబ్ ముష్తరీ' అనే ప్రేమ కథాకావ్యం వ్రాశాడు. అంతకుముందు ఇబ్రహీం ఖుతుబ్ షా (పాలన 1550–1580) కాలంలో అద్దంకి గంగాధర కవి తెలుగులో 'తపతీ సంవరణోపాఖ్యానం' వ్రాసి ఆ సుల్తానుకే అంకితమిచ్చాడు. అదీ ప్రేమ కథే. మహాభారతంలోని తపతీ సంవరణుల కథను మన తెలుగు కవి ముస్లిం రాజుకు అంకితమిచ్చాడంటే, ఆనాటి దర్బారుకు ప్రేమ ఏ భాషలో ఉన్నా రుచించిందన్నమాట. భాగమతి కథ కూడా అందరూ చెప్పుకొనేదే. ఫెరిష్తా ఆ మాట వ్రాశాడు, హరూన్ ఖాన్ షేర్వానీ వంటి చరిత్రకారులు ఒప్పుకోలేదు. చరిత్ర సంగతి ఎలా ఉన్నా, ఒక నగరం ప్రేమ పేరున వెలిసిందని చెప్పుకోవటానికి జనం ఇష్టపడ్డారు.

ఐతే ఇదంతా మహలు ముచ్చట. సామాన్యుల ఇళ్లలో ఆడపిల్ల పెళ్లి పెద్దల లెక్కల ప్రకారమే నడిచింది.

ఇల్లాలి మాట

19వ శతాబ్దంలో గాలి మారింది. డిప్టీ నజీర్ అహ్మద్ 1869లో 'మిరాతుల్ ఉరూస్' వ్రాశాడు. తర్వాత ఆయన హైదరాబాదు సంస్థానంలోనూ ఉద్యోగం చేశాడు. ఆ పుస్తకంలో అక్బరీ, అస్గరీ అనే అక్కచెల్లెళ్లుంటారు. చదువు, పొదుపు, నేర్పు గల అస్గరీ కాపురం నిలబెడుతుంది. అందులో ఇష్ఖూ లేదు, మజ్నూ లేడు. ఇంటిని నడిపే తెలివి గల ఆడమనిషి మాత్రం ఉంది. హాలీ 1893లో పాత గజళ్లలోని అరిగిపోయిన ప్రేమ వర్ణనలను గట్టిగా తప్పుపట్టాడు. లాహోరులో మౌల్వీ ముంతాజ్ అలీ 1898లో 'హుఖూఖె నిస్వాఁ' వ్రాశాడు. భార్యాభర్తల మధ్య స్నేహం ఉండాలనీ, వధువు అంగీకారం మన పెళ్లిళ్లలో పేరుకే మిగిలిందనీ విమర్శించాడు. ఆయనా, ఆయన భార్య ముహమ్మదీ బేగమూ కలిసి నడిపిన 'తహ్జీబె నిస్వాఁ' పత్రిక పరదా చాటు ఇళ్లలోకి వెళ్లింది. ఇటు తెలుగుదేశంలోనూ ఇదే కాలం. గురజాడ వారి 'కన్యాశుల్కం' 1892లో రంగస్థలం ఎక్కింది. ఆడపిల్లను అడగకుండా అమ్మే పద్ధతి మీద అక్కడా ఇక్కడా ఒకేసారి చురక పడింది.

ప్రేమను గూర్చిన ఆలోచనలో ఇది పెద్ద మలుపు. అంతవరకూ ప్రేమ ఒకచోట, పెళ్లి ఒకచోట. ఇప్పుడు రెండూ ఒకే ఇంట్లో ఉండాలన్న కోరిక పుట్టింది. ఖురాన్‌లోని రూమ్ సూరా భార్యాభర్తల మధ్య ఉంచబడిన మవద్దత్, రహ్మత్ గురించి, అంటే ప్రేమ గురించీ దయ గురించీ, ముందే చెప్పి ఉంది. మనమే ఆలస్యంగా విన్నాం. చట్టం కూడా కదిలింది. 1939 నాటి ముస్లిం వివాహ రద్దు చట్టం ప్రకారం, పదిహేనేళ్ల లోపు తండ్రి చేసిన పెళ్లినైనా కాపురానికి వెళ్లని పిల్ల పద్దెనిమిది నిండకముందు కాదనవచ్చు. ఖన్సా మొర పెట్టుకొన్న పదమూడు శతాబ్దాల తర్వాత ఆ మాట మన దేశపు చట్టంలో అక్షరమైంది.

సినిమా తర్వాత

అటు తర్వాత సినిమా వచ్చింది. మజ్నూ మళ్లీ లేచాడు. 1949 నాటి చిత్రం చూసి తెలుగునాట లైలా మజ్నూలంటే తెలియనివారు లేరు. ఆ చిత్ర దర్శకుడు రామకృష్ణారావు, లైలా వేషం వేసిన భానుమతి నిజ జీవితంలో భార్యాభర్తలు. 1943లో కోరి పెళ్లి చేసుకున్నారు. తెర మీద ఎడారిలో కలసి రాలిపోయే కథ తీసినవారు ఇంటిలో చక్కగా కాపురం చేసుకున్నారు. మన యువతరం తెర మీది కథనే నిజమనుకొంటున్నది. పెద్దలూ అదే నిజమనుకొని భయపడుతున్నారు. ప్రేమంటే చావు, లేచిపోవటం, పరువు పోవటం అనే లెక్క ఇద్దరిలోనూ పాతుకుపోయింది. అది లైలా తండ్రి లెక్కే. ఫోనులు చేతికొచ్చినా ఆ లెక్క మారలేదు.

ఇక్కడ మా తప్పు ఒకటి చెప్పుకోవాలి. చాలా ఏళ్ల క్రితం ఒక నిఖాలో మేము గవాహుగా ఉన్నాం. వకీలు సాబ్‌తో కలిసి లోపలికి వెళ్లాం. ఇంత మెహరుకు, ఫలానా వారి అబ్బాయితో నీ నిఖా సమ్మతమేనా బేటీ అని మూడుసార్లు అడిగారు. ఓణీ కింద నుంచి ఏడుపు తప్ప మాట రాలేదు. పక్కన కూర్చున్న పెద్దావిడ, "సిగ్గుపడుతోంది భాయీ, తల ఊపింది, రాసుకోండి" అన్నది. బయట బిర్యానీ డేగ్చీలు దిగుతున్నాయి, జోడేకీ రఖమ్ ముందే చేతులు మారింది. తల ఊపటం మేము చూడలేదు. సంతకం మాత్రం పెట్టాం. మూడో నెలలో ఆ పిల్ల పుట్టింటికి వచ్చేసింది. ఆ పెళ్లి తనకు ఇష్టం లేదని నెల ముందే తల్లితో చెప్పిందట. తల్లి ఎవరితోనూ అనలేదు. మేమూ అడగలేదు.

కన్నెపిల్ల మౌనం అంగీకారంగా తీసుకోవచ్చని ధర్మం చెప్పిన మాట నిజమే. అది ఆమె సిగ్గు మీద గౌరవంతో చేసిన వెసులుబాటు. అడగకుండా తప్పించుకోవటానికి మనకిచ్చిన సాకు కాదు. అడగవలసింది పెళ్లిరోజున కాదు, సంబంధం మాట్లాడకముందు. తల్లి అయినా, ఖాలా అయినా, పుప్పూ అయినా ఏకాంతంగా కూర్చోబెట్టి అడగాలి, వద్దంటే విని ఊరుకోవాలి. కొడుకునూ అలాగే అడగాలి. పెళ్లి కుదరకముందు పిల్లను చూడమని ముగీరా అనే సహాబీకి సాక్షాత్తూ ప్రవక్త (స.అ.స.) వారే చెప్పారు, ఇద్దరి మధ్య అనురాగం నిలుస్తుందని.

పిల్లలు మనసులో ఎవరినైనా అనుకొని ఉంటే వినగానే మండిపడకుండా ఆ సంబంధం మంచిచెడ్డలు విచారిద్దాం. తగినదైతే ఇబ్న్ సీనా మందు ఉండనే ఉంది. తగనిదైతే ఎందుకు కాదో కూర్చోబెట్టి చెబుదాం. అడిగిన ఇంట్లో పిల్లలు చీటీలు గాలికి వదలవలసిన అవసరం రాదు.

పదమూడు వందల ఏళ్లలో ప్రేమను జిన్ను అన్నారు, జబ్బు అన్నారు, దైవమార్గం అన్నారు, పండుగ అన్నారు, కాపురం అన్నారు, సినిమా అన్నారు. ఇన్ని మారినా మా నానీ అడిగిన ప్రశ్నకు జవాబు మాత్రం ప్రతి ఇల్లూ తనకు తానే చెప్పుకోవాలి. ఈ సంవత్సరం మన సభ్యుల ఇళ్లలో జరుగబోయే షాదీల్లో వకీలూ గవాహులూ లోపలికి వెళ్లినప్పుడు, ఓణీ కింద నుంచి స్పష్టంగా ఒక్క మాట వినిపించాలని కోరుకుంటున్నాము. వినిపించేదాకా కలం మూత తీయవద్దని మనవి. ఇన్షా అల్లాహ్, మేమూ ఇకమీదట అలాగే నడచుకుంటాము.